మద్దిచెట్టు నీడ

కిందటేడు అటవీశాఖలో కొత్త బీట్ ఆఫీసర్ల శిక్షణకు నన్ను కూడా పిలిచారు. రిటైరైనవాళ్ళని అప్పుడప్పుడూ ఇలా బీరువాలోంచి తీసి దులుపుతూ ఉంటారు. సర్వీసులో మీరు ఛేదించిన కేసు ఒకటి చెప్పండి అన్నారు. కలప దొంగల కథొకటి, కాస్త ఉప్పూ కారం జల్లి చెప్పాను. చప్పట్లు కొట్టారు, శాలువా కప్పారు, టీ ఇచ్చారు. బస్సెక్కి కూర్చున్నాక నా మీద నాకే అసహ్యం వేసింది. ఆ పిల్లలకు చెప్పవలసింది అది కాదు. చెప్పవలసింది చెప్పనని ఒకాయనకు మాటిచ్చి ఉన్నాను. ఇప్పుడా అడ్డు లేదు. ఊరి పేరూ, మనుషుల పేర్లూ మాత్రం రాయను. నా పేరు కూడా రాయకపోవడానికి కారణం సిగ్గే.

అప్పుడు నేను సెక్షన్ ఆఫీసర్ని. ఉద్యోగం ఇంకో ఏడాదిన్నర మిగిలి ఉంది. పెదబయలు సంతకి జనం నడిచి దిగే కొండలు నా పరిధిలో ఉండేవి. అక్కడి బీట్ ఆఫీసర్ ఆ చుట్టుపక్కల పుట్టి పెరిగిన మనిషే. ముప్పై అయిదేళ్ళ ఆడమనిషి, ఇద్దరు పిల్లల తల్లి, కొండ ఎక్కడంలో నన్ను పది బారలు వెనకేసేది. నాకు ఎదురు చెప్పేది కాదు గానీ, ప్రశ్న వేసేది. ఎదురు చెప్పడం కంటే అదే కష్టంగా ఉండేది నాకు.

నన్ను ఆఫీసులో అందరూ 'అరగంట దొర' అనేవాళ్ళు. ఉద్యోగంలో చేరిన కొత్తలో, మారేడుమిల్లి వైపు గార్డుగా ఉన్నప్పుడు, కోర్టు వాయిదాకి బస్సు తప్పిపోయి వెదురు లారీ కేసు కొట్టేశారు. ఆ రోజు పై అధికారి పదిమందిలో తిట్టిన తిట్లు ఇంకా చెవుల్లోనే ఉన్నాయి. అప్పట్నుంచి చేతి గడియారం అరగంట ముందుకి పెట్టుకుని బతికాను. బస్సుకీ, మీటింగుకీ, పెళ్ళికీ అన్నిటికీ నేనే ముందు. భోజనాలకి కూడా అని వెనక నవ్వుకునేవాళ్ళు. నేనూ నవ్వేవాణ్ణి. లోలోపల అదొక గర్వం.

ఒకరోజు బీట్ ఆఫీసర్ తన ఫోన్లో ఒక డెక్క గుర్తు ఫొటో చూపించింది. అడవిదున్న. మారేడుమిల్లిలో వాటిని మందలు మందలుగా చూసినవాణ్ణి, గుర్తుపట్టడానికి క్షణం పట్టలేదు. ఈ కొండల్లో అవి కనబడి ఇరవై ఏళ్ళు దాటిందని ఊరి పెద్దలు అన్నారు. మా రేంజర్ గారు చిన్నపిల్లాడిలా సంబరపడి రెండు కెమెరాలు తెప్పించారు. చెట్టుకి కట్టి వదిలేస్తే, ఎదట ఏది కదిలినా దానంతటదే ఫొటో తీసుకుని, తేదీ, సమయం అచ్చేసుకునే పెట్టెలవి.

ఊరికి పైన మద్దిచెట్టు కింద ఒక రాయి ఉంది. పూజరాయి అంటారు. ఊళ్ళోంచి వచ్చే దారి అక్కడిదాకా ఎక్కుతుంది, కొండ మీదనుంచి వచ్చే దారి అక్కడిదాకా దిగుతుంది, మూడో దారి పక్కకి గెడ్డలోకి, అంటే వాగులోకి పోతుంది. రాయికి పైన కొండదారి మీదకి ఒక కెమెరా నేను కట్టాను. కింద ఊరిదారి మీదకి రెండోది ఆవిడ కట్టింది. రెండు ఫొటోల్లోనూ రాయి దూరంగా ఓ మూలకి కనిపించేది గానీ, రాయి దగ్గర కదిలినవాటిని పట్టుకునేంత చూపు ఆ పెట్టెలకు లేదు. నెల తిరిగేసరికి ఏడు దున్నల మంద అని తేలింది. అందులో ఒకటి దూడతల్లి.

ఫాల్గుణం చివర్లో ఒక మధ్యాహ్నం ఆ కొండ అంటుకుంది. ఉపగ్రహం చూసి పంపే మెసేజ్ నా ఫోన్‌కి అంది, మేము జీపు దిగి కొండెక్కేసరికి పొద్దు వాలిపోయింది. పచ్చికొమ్మలతో కొట్టి కొట్టి మర్నాటికి ఆర్పాం. ఊరూ, ఊరి పైనున్న కాఫీ తోటలూ చెక్కుచెదరలేదు. పూజరాయి దగ్గర గీత గీసినట్టు మంట ఆగిపోయింది. అది ఎలా ఆగిందని ఆ రోజు మాలో ఎవరమూ అడగలేదు.

పై లోవలో, రెండు బండల మధ్య, దూడతల్లి కనబడింది. దూడ దాని పొట్ట కింద ఉంది. బీట్ ఆఫీసర్ తల తిప్పేసుకుని కూర్చుండిపోయింది. నేను టేపు తీసి కొలతలు రాసుకున్నాను, ఏదో ఒకటి చేస్తూ ఉండకపోతే నిలబడలేనని. ఎవరు తీశారో గానీ సాయంత్రానికి ఆ ఫొటో ఊరూరా ఫోన్లలో తిరిగింది. మూడో రోజుకి పేపర్లో పడింది. రేంజర్ గారికి పైనుంచి గంటకో ఫోను. ఆయన చెడ్డవాడు కాదు. నిద్రలేక, అన్నం సహించక, ఎవరో ఒకరు దొరికితే చాలన్న స్థితికి వచ్చేశారు. నేనూ అంతే.

పై కెమెరా పెట్టె సగం కరిగిపోయింది గానీ లోపలి కార్డు బతికింది, కిందిదానికి ఏమీ కాలేదు. కింది కెమెరాలో రెండూ ఇరవై రెండుకి ఒక మనిషి, చేతిలో మండుతున్న కాగడా. పై కెమెరాలో రెండూ నలభై ఒకటికి అయిదు దున్నలు, తోకలెత్తుకుని రాయికేసి కిందికి పరుగు. ఇంకేం కావాలి? వాడు నిప్పు పెట్టాడు, పందొమ్మిది నిమిషాలకి దున్నలు పారిపోయాయి, పారిపోలేని తల్లీ బిడ్డా కాలిపోయాయి. చైత్రంలో ఇటుకల పండగ వస్తోంది, మగవాళ్ళంతా వేటకి వెళ్ళే పండగ. పండగ వేటకి ముందే అడవి తగలబెట్టి జంతువుల్ని బయటికి తోలారని రేంజర్ గారు అన్నారు. నేను తలూపాను.

"మంట రాయి కాడ ఎడితే, దున్నలు మంటకేసి దిగుతాయా సార్?" అని బీట్ ఆఫీసర్ అడిగింది.

భయంలో జంతువులకి దిక్కు తెలియదని చెప్పాను.

ఫొటోలో ఉన్నది ఆ ఊరి దిసారి. తెలియనివాళ్ళకి చెప్తాను. దిసారి అంటే ఆ కొండల్లో మంచి చెడ్డలకి గడియ చెప్పే మనిషి. పెళ్ళికీ, ఇల్లు కట్టడానికీ, విత్తనానికీ వేళ చూసేది ఆయనే. గడియారం ఉండదు, పంచాంగం ఉండదు. పొద్దునీ, నీడనీ, చుక్కల్నీ చూసి చెప్తాడు. అరవై ఏళ్ళుంటాయి, ఎండిన కట్టె లాంటి ఒళ్ళు, మెల్లని మాట. ఇటుకల పండగలో ఆయన పని మరీ ముఖ్యం. ఇంటింటి నుంచీ గుప్పెడు విత్తనం తెచ్చి ఒక బుట్టలో పోస్తారు. ఆయన చెప్పిన గడియకి ఆ బుట్ట పూజరాయి మీద పెట్టి తీస్తారు. ఆ తీసిన విత్తనం ఇళ్ళకి పంచుకుంటారు, ఆ తర్వాతే ఎవరైనా సామలైనా, చోడి అనే రాగులైనా చల్లేది.

వాంగ్మూలం రాసింది నేనే. నిప్పు పెట్టావా అని అడిగాను. ఎట్టినాను అన్నాడు, దాచలేదు. కొండ మీద నుంచి మంట దిగుతోందని, ఊరి మీద పడకుండా, దానికి తినడానికి ఆకూ అలమూ మిగలకుండా ఎదురుమంట పెట్టానని చెప్పాడు. పట్టుబడ్డ ప్రతివాడూ ఆ మాటే అంటాడని రేంజర్ గారు నవ్వారు. అప్పుడు దిసారి నా వైపు తిరిగి అన్న మాట ఇది.

"నానెల్లీసరికి మద్దిసెట్టు నీడ రాయెక్కేసింది బాబూ. దున్నలు నీడ రాయి ముట్టకముందే దిగిపోనాయి, కిందనుంచి సూసినాను. కావాలంటే నీడనడుగు."

నేను ఆ మాట రాయలేదు. కెమెరాలో నిమిషాలతో సహా టైముంటే చెట్టు నీడనడగడం ఏమిటనిపించింది. 'నిప్పు పెట్టినట్టు ఒప్పుకున్నాడు' అని రాసి వేలిముద్ర వేయించాను. ఆయన్ని కొండ దింపి రిమాండుకి పంపించాం. జీపెక్కుతూ భార్యతో వాళ్ళ భాషలో ఏదో అన్నాడు. ఏమన్నాడని బీట్ ఆఫీసర్ని అడిగితే, పండక్కి వచ్చేస్తానంటున్నాడని చెప్పింది.

రెండు వారాల తర్వాత ఛార్జిషీటు కోసం ఆ రెండు ఫొటోలూ పెద్దవిగా వేయించడానికి పాడేరు వెళ్ళాను. షాపతను రెండూ పక్కపక్కన బల్ల మీద ఆరబెట్టాడు. అప్పటిదాకా వాటిని ఫోన్లో ఒకటి తర్వాత ఒకటిగానే చూశాను. పక్కపక్కన చూడటం అదే మొదలు. పొగ ఇంకా అక్కడికి దిగలేదేమో, ఎండ బాగానే ఉంది. దున్నల ఫొటోలో మూలకి పూజరాయి తెల్లగా ఎండలో ఉంది. మద్దిచెట్టు నీడ దానికి జానెడు దూరంలో ఆగి ఉంది. మనిషి ఫొటోలో నీడ రాయి మీదకి ఎక్కి, సగం కప్పేసింది.

మధ్యాహ్నం పూట నీడ వెనక్కి నడవదు.

షాపతను సార్ టైమెంతయింది, కరెంటు పోయే వేళయిందా అని అడిగాడు. అలవాటుగా చెయ్యెత్తి గడియారం చూశాను, అలవాటుగా అరగంట తీసేసి చెప్పబోయాను. నోరు అక్కడే ఆగిపోయింది. పై కెమెరా కట్టినరోజు దానికి టైము పెట్టమంటే, ఈ గడియారం చూసే పెట్టాను. బీట్ ఆఫీసర్ తన దానికి ఫోను చూసి పెట్టింది. అంటే దున్నలు పరిగెత్తింది రెండూ నలభై ఒకటికి కాదు, రెండూ పదకొండుకి. ఆ మనిషి కాగడాతో రాయి దగ్గరికి వచ్చేసరికి అవి దిగిపోయి పదకొండు నిమిషాలైంది. మంట కొండ మీదే పుట్టింది. ఆయన చెప్పింది అక్షరాలా నిజం. ఊరినీ కాఫీ తోటల్నీ కాపాడినవాణ్ణి నేను జైల్లో పెట్టించాను.

ఇక్కడిదాకా జరిగింది పొరపాటు. మనుషులన్నాక పొరపాట్లు చేస్తారని మీరు నన్ను క్షమించవచ్చు. ఇక ముందు చెప్పేదానికి ఆ వీలు లేదు.

వెంటనే రేంజర్ గారికి ఒక్క కాగితం రాసిస్తే సరిపోయేది. 'పై కెమెరా సమయం నా వల్ల తప్పుగా నమోదైంది' అని ఒకటే వాక్యం. రాయలేదు. పేపర్లకెక్కిన కేసు, ముప్పై ఏళ్ళ ఉద్యోగం, చివరి ఏడాదిన్నర, విచారణ, పదిమందిలో నవ్వులు, ఇవన్నీ కళ్ళ ముందు తిరిగాయి. రేపు రాద్దాం అనుకున్నాను. మర్నాడు కూడా అదే అనుకున్నాను. ఫొటోల కవరు బల్ల సొరుగులో పెట్టి తాళం వేశాను. బీట్ ఆఫీసర్ రెండుసార్లు అడిగింది ఫొటోలు బాగా వచ్చాయా సార్ అని. ఇంకా వెయ్యలేదని అబద్ధం చెప్పాను.

అలా తొమ్మిదో రోజు సంత పడింది. దిసారి భార్య మా ఆఫీసు వరండాలోకి వచ్చి కూర్చుంది. పక్కన ఆనపబుర్రలో అంబలి. మొగుడు మా దగ్గరే ఉన్నాడనుకుని తెచ్చిందట. జైలు చాలా దూరమని చెప్తే ఆ బుర్రని ఒళ్ళోకి లాక్కుంది. తర్వాత అడిగింది.

"పండగ ఎల్లుండే బాబూ. ఇత్తనం బుట్ట ఏ గడియకి తియ్యాలో సెప్పకుండా ఎల్లిపోనాడు. నీ కాడ ఫోనుంది కదా, ఆయన్నడిగి సెప్పు. ఆయన సెప్పినట్టే తీత్తాం."

ఫోన్ చేస్తే జైల్లో ఖైదీని పిలిచి గడియ అడిగి చెప్పరు. అది చెప్పవచ్చు. లేదా బస్సెక్కి నేనే వెళ్ళి ములాఖత్‌లో అడిగి రావచ్చు, ఒక రోజు పని. కానీ వెళ్తే ఆయన మొహం చూడాలి. చూస్తే చెప్పెయ్యాలి. నేను ఫోను పట్టుకుని లోపలి గదిలోకి వెళ్ళాను. తలుపు దగ్గరగా వేసి, గోడకేసి చూస్తూ ఒక అయిదు నిమిషాలు నిలబడ్డాను. బయటికొచ్చి, పొద్దున్న పది గంటలకి తియ్యమన్నాడని చెప్పాను.

ఆవిడ నన్ను తేరిపార చూసింది.

"నీడెంతని సెప్పినాడు బాబూ?"

ఆ ప్రశ్న వస్తుందని నాకు తట్టలేదు. జైల్లో నీడ కనబడదు కదా, అందుకే గంటల్లో చెప్పాడన్నాను. ఎక్కడినుంచి వచ్చిందో ఆ మాట, తడుముకోకుండా వచ్చింది. ఆవిడ తలూపింది. కొంగుతో కళ్ళు తుడుచుకుని, అంబలి బుర్ర నా బల్ల మీద పెట్టి, నువ్వు తాగు బాబూ అని వెళ్ళిపోయింది. నేను తాగలేదు. పారబొయ్యడానికీ చేతులు రాలేదు. సాయంత్రం బీట్ ఆఫీసర్ వచ్చి, ఏమీ అడక్కుండా బుర్ర కడిగి పక్కన పెట్టింది.

పండగ అయింది. పది గంటలకే బుట్ట తీశారని విన్నాను. ఆ రోజు సాయంత్రం సొరుగు తాళం తీసి కాగితం రాశాను. పదకొండు రోజులు పట్టింది. నా గడియారం చేసిన తప్పు అరగంట, మిగతాదంతా నేను చేసింది. రేంజర్ గారు ఆ కాగితం రెండుసార్లు చదివి, తిట్టలేదు, తల పట్టుకుని కూర్చున్నారు. ఆ తర్వాత జరగవలసినవి జరిగాయి. నాకు మెమో వచ్చింది, విచారణ జరిగింది, సర్వీసు పుస్తకంలో ఒక ఎర్ర గీత పడింది. అనుకున్నంత ఘోరంగా ఏమీ లేదు. ఆ సంగతే నన్ను ఎక్కువ బాధపెట్టింది. కాగితాలు తిరిగి తిరిగి దిసారి బయటికొచ్చేసరికి ఇంకో నెల పట్టింది. కొండ మీద మంట ఎవరు పెట్టారో తేలలేదు. మేము పైవైపు వెతకడం మొదలుపెట్టేసరికి వేసవి జల్లులు ఆనవాళ్ళన్నీ కడిగేశాయి. ఘాట్ రోడ్డు మీద ఆగి వెదురుబొంగులో కోడి కాల్చుకున్నవాళ్ళు కావచ్చు, ఎవరో విసిరిన బీడీ కావచ్చు. మీకు ముగింపు కావాలని నాకు తెలుసు. నా దగ్గర లేదు.

ఆ ఏడు చోడి వెన్ను తీసే వేళకి వాన మొహం చాటేసింది. చుట్టుపక్కల ఊళ్ళకీ అంతే. అయినా ఈ ఊళ్ళో మాత్రం గడియ చెడ్డదన్నారు. జైల్లో కూర్చుని చెప్పిన గడియ పనికిరాలేదని, దిసారి చూపు పోయిందని అనుకున్నారు. ఒక పెళ్ళికి పక్క ఊరి దిసారిని పిలిపించారని బీట్ ఆఫీసర్ చెప్పింది. ఆ మాట విన్న మర్నాడు నేను కొండెక్కాను.

ఆయన ఇంటి ముందు కూర్చుని బుట్ట అల్లుకుంటున్నాడు. భార్య లోపల పొయ్యి దగ్గర ఉంది. నేను కింద కూర్చుని గడియారం సంగతి చెప్పాను, పదకొండు రోజుల సంగతి చెప్పాను. చివరికి పది గంటల సంగతి కూడా చెప్పాను. ఆయన అల్లిక ఆపలేదు.

"ఎరుకే బాబూ. నాను గంటల్లో సెప్పనని మా ఇంటిదానికి తెల్దా? నీ కాడినుంచి వచ్చిన నాడే తెలుసు దానికి."

మరి ఊరికి ఎందుకు చెప్పలేదని అడిగాను. సమాధానం లోపల్నించి ఆవిడ ఇచ్చింది. ఇత్తనం తియ్యకపోతే ఏటి తింటారు అంది, అంతే.

నేను ఊరందరినీ పిలిపించి నిజం చెప్తానన్నాను. ఆ గడియ ఆయనది కాదని, నాదని, ఆయన చూపుకేమీ కాలేదని. అప్పుడు అల్లిక ఆపాడు.

"సెప్పకు. నా సూపు పోయిందంటే ఇంకో దిసారిని తెచ్చుకుంటారు, బెంగ లేదు. ఇత్తనం గడియే లేకుండా తీసినారంటే, మళ్ళీ ఏడు బుట్ట మీద సెయ్యెయ్యడానికి ఊరంతా బయపడతాది. నానున్నన్నాళ్ళూ సెప్పకు బాబూ."

మాటిచ్చాను. ఆయన ఆ తర్వాత ఎవరికీ గడియ చెప్పలేదు. ఎవరూ అడగలేదు కూడా. నేను రిటైరయ్యాను. గడియారం సొరుగులో పడేశాను, మళ్ళీ కట్టుకోలేదు.

ఈ మధ్యే బీట్ ఆఫీసర్ ఫోన్ చేసి, దిసారి పోయాడని చెప్పింది. వెళ్ళాను. ముంగిట్లో తాటాకు చాప మీద పడుకోబెట్టారు. ఊరంతా ఉంది. పాడె ఎత్తే గడియ కోసం పక్క ఊరి దిసారికి కబురు పెట్టారట, ఆయనింకా రాలేదు. ఎండ ఎక్కుతోంది. ఇప్పుడు చెప్పెయ్యవచ్చు, మాట తీరిపోయింది, ఊరంతా ఒకచోటే ఉంది అనుకుంటూ నేను ముందుకి కదిలాను. తల దగ్గర కూర్చున్న ఆయన భార్య నన్ను చూసింది. ఆ తర్వాత అందరూ వింటూండగా, గొంతులో కోపం అనేది లేకుండా అడిగింది.

"ఏ గడియకి ఎత్తమంటావు బాబూ?"

జనం నా వైపు తిరిగారు. వాళ్ళకి ఆ మాట అర్థం కాలేదు. నాకు అర్థమైంది. ఆ రోజు వరండాలో పది గంటలకని గడియ చెప్పింది నేనే. ముందుకి వేసిన అడుగు వెనక్కి తీసుకున్నాను. కాసేపటికి ఒక ముసలాయన లేచి, మద్దిచెట్టు నీడ ఎక్కడిదాకా వచ్చిందో చూసి వస్తానని పైకి నడిచాడు. ఆయన తిరిగొచ్చి చెప్పిన వేళకే ఎత్తారు. నేను వెనకాల నడిచాను.